సింగరేణి గనుల ప్రాంతంలో గంధరాజం, బిక్కి జాతులు: మొక్కల ‘తట్టుకునే గుణం’పై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గార్డీనియా ప్రజాతికి చెందిన గంధరాజాన్ని శీతల దేశాల తోటల్లో బతికించడం ఒక ప్రత్యేక విద్యగా ఎదిగింది. మంచును తట్టుకునే రకాల ఎంపిక, వేళ్లకు కప్పు, గాలికి అడ్డు అక్కడి పద్ధతులు. అదే మొక్క రామగుండం, గోదావరిఖని కాలనీల్లో వేరే పరీక్షను ఎదుర్కొంటుంది. ఇక్కడ మంచు లేదు. ఎండ, వడగాలి, కఠినజలం, బొగ్గుదుమ్ము ఉన్నాయి. ‘తట్టుకునే గుణం’ అనే భావనను చలితో మాత్రమే కొలిచే అలవాటు ఈ ప్రాంతానికి ఎందుకు సరిపోదో ఈ వ్యాసం వివరిస్తుంది. గంధరాజం సమస్యలకు శరీరధర్మపరమైన కారణాలను విశ్లేషించి, ఇదే ప్రజాతికి చెందిన స్థానిక బిక్కి జాతుల ప్రాధాన్యాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: గంధరాజం, బిక్కి, కరింగువ, గార్డీనియా, సింగరేణి, రామగుండం, ఓబీ గుట్టలు, శుష్క ఆకురాల్చు అడవి.

1. ఉపోద్ఘాతం:

ప్రాణహిత–గోదావరి లోయలోని గోండ్వానా శిలల్లో ఏర్పడిన బొగ్గు నిక్షేపాలు తెలంగాణ చరిత్రను మలచిన వాటిలో ముఖ్యమైనవి. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున గనులు తెరుచుకున్నాక పెరిగిన పట్టణానికి ‘గోదావరిఖని’ అనే పేరే స్థిరపడింది. రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్కేంద్రం, ఎరువుల కర్మాగారం, వాటి చుట్టూ కార్మికుల క్వార్టర్లు కలిసి నేటి పెద్దపల్లి జిల్లాలో ఒక పారిశ్రామిక ప్రాంతంగా రూపొందాయి.

ఈ క్వార్టర్ల ముందున్న కొద్దిపాటి జాగాలో మల్లె, మందారం, నందివర్ధనం, గంధరాజం కనిపిస్తాయి. వీటిలో గంధరాజంపైనే ఫిర్యాదులు ఎక్కువ. ఆకు పచ్చబారడం, మొగ్గ విచ్చకముందే రాలడం, మూడో వేసవికి మొక్క ఎండిపోవడం తరచూ వినిపించే మాటలు. కారణం అడిగితే ‘బొగ్గుదుమ్ము’ అనే ఒక్క జవాబు వస్తుంది. ఆ జవాబులో కొంత నిజం ఉంది. అయితే సమస్య మూలం ఎక్కువగా కంటికి కనిపించని చోట, అంటే నీటిలోనూ, రాత్రి వేడిమిలోనూ ఉంటుంది. కారణాన్ని సరిగా గుర్తించకపోతే చేసే సేవ వృథా అవుతుంది. ఒక కుండీ విషయంలో ఇది చిన్న నష్టమే. వేల ఎకరాల గనుల భూమిని తిరిగి పచ్చబరిచే పనిలో ఇదే పొరపాటు జరిగితే నష్టం చాలా పెద్దది.

2. గార్డీనియా: పేరు, గుర్తింపు:

గార్డీనియా ప్రజాతి రూబియేసి కుటుంబానికి, అంటే కాఫీ మొక్క కుటుంబానికి చెందినది. 1761లో జాన్ ఎల్లిస్ ఈ ప్రజాతికి పేరుపెట్టాడు. అమెరికాలోని చార్లెస్టన్‌లో వైద్యుడిగా ఉన్న అలెగ్జాండర్ గార్డెన్ గౌరవార్థం పెట్టిన పేరిది. గంధరాజం శాస్త్రీయనామం గార్డీనియా జాస్మినాయిడిస్. ‘మల్లెను పోలినది’ అని దీని అర్థం. ఇంగ్లండుకు ఈ మొక్క ఆఫ్రికా దక్షిణ కొస మీదుగా చేరినందువల్ల చాలాకాలం ‘కేప్ మల్లె’గా చెలామణి అయింది. నిజానికి దీని జన్మస్థలం చైనా, దాని పరిసర దేశాలు. ఇది మల్లె కాదు, ఆఫ్రికాది కాదు. పేరు మొక్క స్వభావాన్ని మరుగుపరచగలదనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

తెలుగు నేలపై మరొక గందరగోళం ఉంది. ముద్ద నందివర్ధనాన్ని, గంధరాజాన్ని ఒకటిగా భావించేవారు ఉన్నారు. ఆకు తుంచితే తేడా తెలుస్తుంది. నందివర్ధనం పాలు కారుస్తుంది. అది గన్నేరు కుటుంబపు మొక్క. గంధరాజానికి పాలు లేవు. ఆకు జంటల మధ్య కాండాన్ని చుట్టి చిన్న పొర ఉంటుంది. పువ్వు తెల్లగా విచ్చి, వాడేకొద్దీ పసుపు రంగుకు తిరుగుతుంది. ఈ రంగు మార్పు గార్డీనియా జాతులు చాలావాటిలో ఉమ్మడి లక్షణం. గంధరాజం కాయలో కుంకుమపువ్వుకు రంగునిచ్చే క్రోసిన్ అనే పదార్థమే ఉండడం వల్ల తూర్పు ఆసియాలో దానిని పసుపు రంగుకోసం వాడతారు.

3. ‘తట్టుకోవడం’ – ఒక కొలమానం పరిమితి:

ఉద్యానశాస్త్ర గ్రంథాల్లో మొక్క ‘తట్టుకునే గుణం’ అనే మాట చాలావరకు చలికే పరిమితమై కనిపిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ రూపొందించిన పటం దీనికి ప్రధాన ఆధారం. ఒక ప్రదేశంలో ఏడాదిలో నమోదయ్యే అత్యల్ప ఉష్ణోగ్రతల దీర్ఘకాల సగటును బట్టి ఆ పటం 13 మండలాలను గుర్తిస్తుంది. గంధరాజం సాధారణ రకాలు 8వ మండలం వరకు, అంటే సున్నాకు దిగువన 12 డిగ్రీల సెల్సియస్ లోపు చలిని ఓర్చుకుంటాయి. ‘క్లైమ్స్ హార్డీ’ వంటి ఒంటిరేకల రకాలను 7వ మండలానికీ సిఫారసు చేస్తారు. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 17 డిగ్రీల దాకా పడిపోవచ్చు.

ఇదే పటాన్ని రామగుండానికి వర్తింపజేస్తే ఏమవుతుంది? ఇక్కడ జనవరి రాత్రులు పది డిగ్రీల దగ్గరకు దిగినా నీరు గడ్డకట్టదు. అందువల్ల ఈ ప్రాంతం 11 లేదా 12వ మండలంలోకి, దక్షిణ ఫ్లోరిడా సరసకు వెళుతుంది. కాగితంపై రెండూ ఒకటే. మయామీలో 38 డిగ్రీల ఎండ అత్యంత అరుదు. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు కొత్తవి కావు. చలిని మాత్రమే కొలిచే కర్ర ఈ తేడాను చూపలేదు.

ఈ లోపాన్ని పూరించడానికి అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడిమి మండలాల పటాన్ని వెలువరించింది. ఏడాదిలో 30 డిగ్రీల సెల్సియస్ దాటే రోజుల సంఖ్య దీనికి ప్రాతిపదిక. 210 రోజులకు మించితే అది చివరిదైన 12వ మండలం. రామగుండం నిస్సందేహంగా అందులోకి వస్తుంది. అయినా 31 డిగ్రీల రోజుకూ, 45 డిగ్రీల రోజుకూ ఈ పటంలో తేడా లేదు. గాలిలో తేమ సంగతి రెండు పటాలకూ పట్టదు. ఒక దేశపు అవసరంకోసం పుట్టిన కొలమానాన్ని మరో నేలకు తెచ్చుకునేటప్పుడు అది దేనిని కొలుస్తుందో, దేనిని వదిలేస్తుందో తేల్చుకోవడం పరిశోధకుల ప్రథమ కర్తవ్యం.

4. చలి, ఎండ: రెండింటి మూలం నీటి లోటే:

మొక్క దృష్టితో చూస్తే గడ్డకట్టే చలికీ, మాడ్చే ఎండకీ ఒక పోలిక ఉంది. మంచు మొదట కణాల మధ్యనున్న ఖాళీల్లో ఏర్పడుతుంది. అది కణంలోని నీటిని బయటికి లాగుతుంది. కణం ఎండిపోతుంది. నేల గడ్డకట్టినప్పుడు వేరు నీటిని తీసుకోలేదు. పైన శీతాకాలపు ఎండకు, గాలికి ఆకు మాత్రం నీటిని కోల్పోతూనే ఉంటుంది. సతతహరితమైన గంధరాజం చలిదేశంలో చనిపోవడానికి ఈ ఎండుదల ఒక ముఖ్య కారణం. అందుకే అక్కడి తోటమాలులు వేళ్లపై ఆకులపొర కప్పుతారు, ఉత్తరపు గాలికి గోడను అడ్డుపెడతారు, నేల గడ్డకట్టకముందే నీరు పెడతారు.

రామగుండంలో వేసవి మధ్యాహ్నం జరిగేదీ అదే రకం ఎండుదల. గాలి 45 డిగ్రీల వేడితో, 15 శాతం తేమతో ఉన్నప్పుడు ఆకునుంచి నీటిని లాగే శక్తి, 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న వానాకాలపు గాలితో పోలిస్తే సుమారు ఆరు రెట్లు ఉంటుందని లెక్క తేలుతుంది. తొట్టిలో నీరున్నా వేరు అంత వేగంగా అందించలేదు. అందువల్ల ‘నీళ్లు పోస్తూనే ఉన్నాం, అయినా ఎండింది’ అనే అనుభవంలో వైరుధ్యం లేదు. నీరు ఎంత పోశారన్న దానితోపాటు గాలి ఎంత లాగిందన్నదీ ముఖ్యమే. శీతల దేశపు తోటపనిలోని కప్పు, అడ్డు, తావు ఎంపిక అనే మూడు సూత్రాలు ఇక్కడా పనికివస్తాయి. వాటిని వాడే కాలం మాత్రం మారుతుంది.

5. గంధరాజం ఎదుర్కొనే సమస్యలు:

5.1 నీటి క్షారత: గంధరాజం ఆమ్లగుణం గల నేలను కోరుతుంది. ఉదజని సూచిక 5 నుంచి 6.5 వరకు ఉంటే ఇనుము వేళ్లకు అందుతుంది. 7 దాటితే నేలలో ఇనుము ఉన్నా కరగదు. బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్న బోరునీటిని రోజూ పోస్తే కుండీలోని మట్టి క్రమంగా క్షారగుణానికి తిరుగుతుంది. క్వార్టర్ల గోడ మొదట్లో నాటిన మొక్కకు సున్నం, సిమెంటు నుంచి కరిగిన క్షారం కూడా తోడవుతుంది. ఫలితంగా లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉంటూనే మధ్యభాగం పసుపురంగుకు మారుతాయి. ఇది ఇనుము లోపానికి గుర్తు. ముదురు ఆకు మొత్తంగా పాలిపోతే అది నత్రజని లోపం. ముదురు ఆకు ఈనెల నడుమ పచ్చబారితే మెగ్నీషియం లోపాన్ని అనుమానించాలి. ఈ తేడా తెలియక పెంట ఎరువో, యూరియానో వేస్తే ఇనుము లోపం తీరదు.

5.2 రాత్రి వేడిమి: గంధరాజం మొగ్గ తొడగడానికి సుమారు 18 డిగ్రీలకు దిగువనున్న రాత్రులు అనుకూలమని వాణిజ్య సాగు అనుభవం చెబుతుంది. ఈ ప్రాంతంలో అటువంటి రాత్రులు చలికాలంలోనే దొరుకుతాయి. అంటే ఇక్కడి స్వల్పమైన చలి గంధరాజానికి శత్రువు కాదు, అవసరం. ఏప్రిల్ నాటికి రాత్రులు వేడెక్కుతాయి. అప్పటికి విచ్చని మొగ్గలు రాలిపోతాయి. నీటిలో హెచ్చుతగ్గులు ఈ రాలుడును పెంచుతాయి. దీనిని తెగులుగా భావించి మందులు చల్లడం నిష్ఫలం.

5.3 దుమ్ము: బొగ్గుదుమ్ము ఆకుపై పేరుకుంటే వెలుతురు తగ్గుతుంది, పత్రరంధ్రాలు పూడుతాయి. నల్లని పొర ఎండను పీల్చుకోవడం వల్ల ఆకు మరింత వేడెక్కుతుంది. ఏడాది పొడవునా అవే ఆకులను మోసే గంధరాజానికి ఈ భారం ఎక్కువ. వారానికి ఒకటి రెండుసార్లు ఉదయం పూట ఆకులను కడగడం దీనికి తగిన పరిష్కారం. అయితే 5.1లో చెప్పిన పసుపుదనం కడిగితే పోదు. ఈ ఒక్క పరీక్షతోనే దుమ్ము పాత్రనూ, నీటి పాత్రనూ వేరుచేయవచ్చు.

6. స్థానిక గార్డీనియాలు: బిక్కి జాతులు:

గార్డీనియా అనగానే గంధరాజం మాత్రమే స్ఫురించడం తోటల ప్రభావం. గోదావరి పరీవాహక శుష్క ఆకురాల్చు అడవుల్లో టేకు, నల్లమద్ది, మోదుగల నడుమ ఈ ప్రజాతికి చెందిన జాతులు సహజంగా పెరుగుతాయి. వీటిని ‘బిక్కి’ అనే ఉమ్మడి పేరుతో పిలుస్తారు. గార్డీనియా లాటిఫోలియా పెద్దబిక్కి. వెడల్పు ఆకులు, గట్టి గుండ్రని కాయలు దీని గుర్తులు. రాతిసందుల్లోనూ నిలదొక్కుకుంటుంది. సన్నని పొరగల దీని కలపతో దువ్వెనలు చేసేవారు. గార్డీనియా గమ్మిఫెరా చిట్టిబిక్కి. గార్డీనియా రెసినిఫెరా కరింగువ. బిక్కి, ఎర్రబిక్కి, కరింగువ పేర్లు ఒక ప్రాంతంలో ఒక జాతికి, మరో ప్రాంతంలో మరో జాతికి వాడుకలో ఉన్నాయి. కాబట్టి క్షేత్రపరిశోధకులు స్థానిక నామాన్నీ, శాస్త్రీయనామాన్నీ, సేకరించిన ఊరినీ కలిపి నమోదు చేయాలి.

కరింగువ అనే పేరు పరిశీలించదగినది. గమ్మిఫెరా, రెసినిఫెరా జాతుల కొమ్మల చివర మొగ్గలపై ఘాటైన వాసనగల జిగురు ఊరుతుంది. ఇంగువను తలపించే ఆ వాసనను బట్టే ఈ పేరు వచ్చిందని భావించవచ్చు. సంస్కృతంలో దీనిని ‘నాడీహింగు’ అంటారు. అక్కడా ఇంగువే పోలిక. ‘డికమాలి’ పేరుతో మందుల అంగళ్లలో అమ్మే పదార్థం ఇదే. సంప్రదాయ వైద్యంలో అజీర్తికి, కడుపులో పురుగులకు, పుండ్లకు దీనిని వాడారు. మనిషికి మందైన ఈ జిగురు మొక్కకు కవచం. వేసవి గాలికి లేత చిగురుమొగ్గ ఎండకుండా అది కప్పుగా నిలుస్తుంది. శీతల దేశపు తోటమాలి చేత్తో కప్పే కప్పును ఈ మొక్క తానే తయారుచేసుకుంటుంది.

బిక్కి జాతులకు మరో ఉపాయమూ ఉంది. ఎండకాలం వచ్చేసరికి ఆకును రాలుస్తాయి. నీటి ఖర్చు తగ్గుతుంది. ఆకుతోపాటు దానిపై పేరుకున్న దుమ్మూ పోతుంది. ఆకు పలచబడిన కొమ్మలపై తెల్లని పువ్వులు సాయంత్రం విచ్చి పరిమళిస్తాయి. పొడవైన పూగొట్టం, రాత్రి సువాసన నిశాచర చిమ్మటలను ఆకర్షించే లక్షణాలు. గంధరాజం కోరే పోషణ లేకుండానే అదే కుటుంబపు తెలుపు, అదే పరిమళం ఇక్కడ లభిస్తాయి. ‘తట్టుకునే గార్డీనియా’ కోసం విదేశీ జాబితాలు వెతికేవారికి అసలు సమాధానం పక్క అడవిలోనే ఉంది.

7. ‘ఉష్ణమండల రూపం’ అనే భ్రమ:

చలిదేశాల తోటల్లో జపాన్ అరటి, చైనా గొరకతాడి వంటి మొక్కలతో ‘ఉష్ణమండల రూపం’ తెచ్చుకోవడం ఒక అభిరుచి. పెద్ద ఆకు, దట్టమైన పచ్చదనం ఆ రూపానికి గుర్తులు. ఇవి తేమగల ఉష్ణమండలపు లక్షణాలు. రామగుండం కూడా ఉష్ణమండలంలోనే ఉంది. అయితే అది పొడి ఉష్ణమండలం. వానలో అత్యధిక భాగం జూన్–సెప్టెంబరు మధ్యనే కురుస్తుంది. మిగిలిన ఎనిమిది నెలలు నేల తన నిల్వపైనే ఆధారపడుతుంది. కాబట్టి అతిథిగృహాల ముందు పెంచే వెడల్పాకుల అలంకార మొక్కలు ఇక్కడా ‘పరాయి వాతావరణంలో’ పెరుగుతున్నట్టే. అవి నీటిపై, నీడవలపై బతుకుతాయి. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబం కరివేపాకు కుండీని శీతాకాలమంతా ఇంట్లో దాచుకోవడానికీ, దీనికీ తత్త్వతః తేడా లేదు.

పొడి ఉష్ణమండలానికి తనదైన రూపం ఉంది. ఆకు లేని కొమ్మపై ఎర్రగా పూచే మోదుగ, పసుపుగా వెలిగే కొండగోగు, జాలువారే రేల, నిటారుగా నిలిచే తాటి, ఈత, తెల్లని బిక్కి ఆ రూపాన్ని కూరుస్తాయి. వేసవిలో మోడుగా కనిపించడం వీటి లోపం కాదు, బతికే తీరు.

8. ఓబీ గుట్టలపై బిక్కి: అవకాశం, పరిమితి:

ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గుపైనున్న ఇసుకరాయి, షేలు పొరలను తవ్వి పోయగా ఏర్పడేవి ఓబీ గుట్టలు. వీటిలో సేంద్రియ కర్బనం, నత్రజని తక్కువ. రాతిముక్కలు ఎక్కువ కావడంతో నీరు నిలవదు. నల్లని షేలు ఉన్నచోట ఉపరితలం గాలికన్నా ఎక్కువగా వేడెక్కుతుంది. గంధకం గల ఖనిజాలుంటే ఆమ్లత పెరగవచ్చు. విద్యుత్కేంద్రపు బూడిద తరచూ క్షారగుణం గలది కాబట్టి ఆమ్లనేలను సరిచేయగలదు. కానీ మట్టిని, బూడిదను పరీక్షించకుండా కలపడం తగదు.

ఇటువంటి నేలపై బిక్కిని తొలి ఏడాదే నాటితే అది విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఇది నెమ్మదిగా పెరిగే అడవి మొక్క. ముందు గడ్డిజాతులు, తర్వాత కానుగ, దిరిసెన వంటి నత్రజనిని స్థిరపరిచే చెట్లు నేలను సిద్ధంచేయాలి. ఆకుమట్టి కొంత చేరిన తర్వాత వాటి పాక్షిక నీడలో బిక్కిని నాటడం హేతుబద్ధం. అడవిలో బిక్కి మొదట్లోని పిడికెడు మట్టిని నారుసంచిలో కలిపితే వేరుకు తోడ్పడే శిలీంధ్రాలూ వెంట వస్తాయి.

బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గనుల మూసివేత ప్రణాళికలకు మార్గదర్శకాలు ఇచ్చింది. భూమిని తిరిగి ఉపయోగయోగ్యం చేయడం అందులో భాగం. నాటిన మొక్కల సంఖ్య ఈ పనికి సులభమైన లెక్క. ఏ జాతులు నాటారు, పదేళ్ల తర్వాత ఏవి నిలిచాయి, వాటి కింద వాటంతటవి మొలిచినవి ఏవి అన్నవే సరైన లెక్కలు. త్వరగా పెరిగే కొద్ది జాతులతో గుట్ట పచ్చబడవచ్చు. అడవి మాత్రం తిరిగిరాదు. గనికోసం తొలగిన అడవిలో బిక్కి ఉండేది కనుక, తిరిగి వచ్చే పచ్చదనంలోనూ దానికి చోటుండాలి.

9. పెంపకానికి సూచనలు:

అ) గంధరాజానికి ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ దొరికే తూర్పు దిక్కు అనువైనది. సున్నపు గోడకు కనీసం మూడడుగుల దూరం ఉండాలి.
ఆ) ఎర్రమట్టి, ఆకుమట్టి, ముతక ఇసుక సమపాళ్లలో కలిపి మట్టికుండీలో నాటాలి. నల్ల ప్లాస్టిక్ తొట్టి వేళ్లను వేడెక్కిస్తుంది.
ఇ) వీలైనంతవరకు నిల్వచేసిన వాననీటిని పోయాలి. లేత ఆకు పసుపురంగుకు మారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. క్షారనేలలో వేరుకు అందించాలంటే ఈడీడీహెచ్ఏ రూపంలోని ఇనుము మేలు.
ఈ) ఫిబ్రవరి చివరినుంచి మొదట్లో వరిగడ్డి కప్పాలి. మార్చినుంచి జూన్ వరకు 50 శాతం నీడవల అవసరం.
ఉ) కత్తిరింపు పూత ముగియగానే చేయాలి. చలికాలంలో కత్తిరిస్తే మొగ్గలు పోతాయి.
ఊ) గంధరాజాన్ని వానాకాలంలో సగం ముదిరిన కొమ్మలతో, బిక్కిని పండిన కాయల గింజలతో పెంచవచ్చు. బిక్కికి మొదటి రెండు వేసవులు నీరు పెడితే చాలు.

10. ముగింపు:

పై పరిశీలననుంచి తేలే అంశాలు ఇవి. తట్టుకునే గుణం మొక్కలో మాత్రమే ఉండేది కాదు. మొక్కకూ చోటుకూ మధ్యనున్న సంబంధం. చలిని ఓర్చే రకం ఎండను ఓర్చాలని లేదు. గోదావరిఖనిలో గంధరాజం పచ్చబారడానికి నీటి క్షారత, మొగ్గ రాలడానికి వేడి రాత్రులు ముఖ్య కారణాలు. దుమ్ము వాటికి తోడయ్యేది. బిక్కి జాతులు ఈ నేలకు తగిన గార్డీనియాలు.

పరిశోధనకు ఒక ప్రశ్న మిగిలి ఉంది. ఫ్లోరిడాలో నులిపురుగుల బెడదను తప్పించుకోవడానికి గంధరాజాన్ని దక్షిణాఫ్రికా జాతియైన గార్డీనియా తన్‌బర్జియా వేరుమొక్కపై అంటుకడతారు. అదే తర్కంతో గంధరాజాన్ని పెద్దబిక్కి వేరుపై అంటుకట్టి, క్షారజలానికి, వేసవికి దాని ప్రతిస్పందనను పరీక్షించవచ్చు. ఒక కళాశాల వృక్షశాస్త్ర విభాగం, కొన్ని కుండీలు, మూడు వేసవుల ఓపిక ఉంటే ఈ ప్రయోగం సాధ్యమే. ఫలితం ఏదైనా, అందుకోసం విద్యార్థులు బిక్కి గింజలు వెతుక్కుంటూ అడవికి వెళ్లి, ఊరి పెద్దలు చెప్పే పేర్లను రాసుకోవడంతోనే ఈ ప్రాంతపు వృక్షజ్ఞానంలో ఒక భాగం నిలుస్తుంది.